ఈగలాట దగ్గర నా వంతు

ఆ దుకాణాన్ని మూయించవలసిందిగా కోరుతూ గ్రామ పంచాయతీకి ఇచ్చిన అర్జీని రాసినవాణ్ణి నేనే. ఈ మాట మొదటే చెప్పడం నా బాధ్యత. తరువాతి సంగతులు చదివి, ఈ మనిషి మొదటినుంచీ వీడియో గేముల పక్షమేనని ఎవరూ పొరబడకూడదు.

తొంభైల నడిమి కాలమది. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునిగా నేను పదవీ విరమణ చేసి రెండేళ్లు దాటింది. చోడవరం బస్సు కాంప్లెక్సుకు ఎదురు సందులో, అద్దె సైకిళ్ల కొట్టును ఆనుకుని ఉన్న ఒక ఇరుకు గదిలో మూడు వీడియో గేమ్ యంత్రాలు ఉన్నాయనీ, మధ్యాహ్నం గంట కొట్టగానే బడి పిల్లలు అక్కడ చేరుతున్నారనీ ఊళ్లో అలజడి పుట్టింది. ఒక ఎరువుల వ్యాపారి మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆయన కుమారుడు తొమ్మిదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలకు పదకొండు మార్కులు తెచ్చుకున్నాడు.

“ఈగలాటంటండి మేస్టారూ,” అన్నాడాయన. “ఆకాశంలోంచి ఈగల్లాటి ఇమానాలు దిగుతాయంట. కింద ఈడి ఇమానం ఒక్కటే. కాల్సుకుంటూ పోవాలంట. పుస్తకం తియ్యరా అంటే సేతులు నొప్పంటాడు. అక్కడ మాత్రం సేతులు బాగానే ఆడతన్నాయి. మీరో ముక్క రాసిపెట్టండి. అందరం సంతకాలెడతాం.”

రాశాను. ఫుల్‌స్కేప్ కాగితం, ఎడమవైపు అంగుళంన్నర అంచు, అయిదు పేరాలు. దుకాణాన్ని వెంటనే మూయించవలెనన్నది అయిదవ పేరా. నాలుగవ పేరాకు చోటు ఖాళీగా విడిచిపెట్టాను. అది దుకాణ వర్ణనకు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కంటితో చూడనిదాన్ని ఏ విచారణ నివేదికలోనూ రాసి ఎరుగను. వ్యాపారి అంతవరకు ఆగలేదు. ఖాళీ ఉన్న కాగితాన్నే పట్టుకుపోయి, రెండు రోజులలో సంతకాలు నింపి తెచ్చాడు.

“ఆ ముక్క మీకు తోసింది రాసీండి మేస్టారూ. మీరు రాస్తే మేం సూడక్కర్లేదు,” అన్నాడు.

ఆ నమ్మకానికి నేను గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

పరిశీలనకు బుధవారం పదకొండున్నర గంటలు నిర్ణయించుకున్నాను. ఆ వేళకు ఇంట్లో నా భార్య ఉండదు. ఎక్కడికని అడిగేవారు ఉండరు. బుధ, శనివారాలలో ఆమె చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్లి పన్నెండున్నరకు తిరిగి వచ్చేది.

ఆమె గురించి ఇక్కడ కొంత చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చింది. ప్రాణాపాయం తప్పింది. నడక కుదుటపడింది. కుడిచేయి మాత్రం సగం దారిలో ఆగిపోయింది. చెంచా పట్టుకుంటే జారేది. అనకాపల్లి వైద్యుడు రబ్బరు బంతి నొక్కమన్నాడు. నాకు ఆ పద్ధతి చాలదనిపించింది. నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చి, రోజూ ఉదయం ఒక పుట చూచిరాత రాయించేవాణ్ణి. ఎర్ర సిరాతో దిద్ది, అవసరమైనచోట ‘మళ్లీ రాయవలెను’ అని కింద వేసేవాణ్ణి. ఎనిమిది నెలలైనా అక్షరం గీత మీద నిలబడలేదు. కాని ప్రార్థనలో ఆమె శ్రద్ధ పెరిగినందుకు నాకు సంతోషంగా ఉండేది. కూడికను అంతసేపు శ్రద్ధగా నడిపిస్తున్నందుకు ఒక ఆదివారం పాస్టరుగారిని అభినందించాను కూడా. ఆయన నా వంక అదోలా చూసి, “దేవునికి స్తోత్రం” అని మాత్రం అన్నారు.

ఆ బుధవారం సందులోకి తిరిగాను. దుకాణానికి తలుపు బదులు నీలం తెర వేలాడుతోంది. దాని ముందు కనబడిన దృశ్యానికి ఆగిపోయాను. ఒక పక్కన నాలుగైదు జతల చెప్పులు గుట్టగా విసిరేసి ఉన్నాయి. కాని గుమ్మానికి ఎదురుగా మరి రెండు జతలు, ఒకదాని వెనుక ఒకటి, ముందు భాగం గుమ్మం వైపు ఉండేలా, కొలబద్ద పెట్టినట్టు వరుసలో ఉన్నాయి. ముప్పై ఏళ్లు బడి వరండాలో నిలబడి అరిచినా నేను సాధించలేకపోయిన వరుస అది. క్రమం కనబడినచోట దాన్ని పాటించడం నా స్వభావం. నా జతను ఆ రెండింటి వెనుక, అంతే దూరంలో విడిచాను.

అప్పుడు మొదటి జత మీద చూపు పడింది. నల్ల పట్టీల హవాయి చెప్పులు. కుడిదానికి మడమ వెనుక సైకిల్ ట్యూబు ముక్కతో కుట్టిన అదనపు పట్టీ. జబ్బు తరువాత నా భార్యకు ఆ కాలి చెప్పు జారిపోతోందని, కాంప్లెక్సు దగ్గర చెప్పులు కుట్టేవాని వద్ద నేనే దగ్గరుండి వేయించిన పట్టీ. అటువంటి చెప్పు ఊళ్లో రెండోది ఉండదు.

చర్చి మెట్ల దగ్గర ఎవడో నా భార్య చెప్పులు దొంగిలించాడు! నాకు తోచింది అదొక్కటే. జబ్బు మనిషి చెప్పులని కూడా చూడలేదు వెధవ. దొంగను పట్టుకోవాలన్న కోపంతో తెర తోసుకుని లోపలికి నడిచాను.

మూడు యంత్రాలలో చివరిదాని ముందు, స్టూలు మీద, నా భార్య కూర్చుని ఉంది.

నేను పిలవలేదు. నోరు పెగలలేదన్నది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆమె చూపు యంత్రం తెర మీద నిలిపి ఉంది; పరీక్ష రాస్తున్న అభ్యర్థిని మధ్యలో పలకరించకూడదన్న నియమం నాలో ఇంకిపోయి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్విజిలేటరులా గోడ పక్కన నిలబడ్డాను.

ఆ యంత్రం నిలువెత్తు బీరువాలో టీవీ బిగించినట్టు ఉంది. రంగు పోయింది. హ్యాండిలుకు ఉండవలసిన గుండు ఎప్పుడో విరిగిపోతే, దాని స్థానంలో పాత మంచపు కోడుకు ఉండే చెక్క బుడిపె బిగించారు. నా భార్య ఎడమచేయి దాని మీద ఉంది. నేను ఎనిమిది నెలలుగా దిద్దుతున్న ఆ కుడిచేయి, చెంచా నిలవని ఆ చేయి, ఒక ఎర్ర మీట మీద కుట్టుమిషను సూదిలా పడి లేస్తోంది.

తెర మీద నల్లని ఆకాశం. చుక్కలు కిందికి జారుతున్నాయి. ఈగల వంటివీ తూనీగల వంటివీ విమానాలు పైనుంచి వంపు తిరుగుతూ దిగి, దేని స్థానంలో అది నిలిచి, ఉదయపు అసెంబ్లీలా బారులు తీరాయి. అన్నీ కుదురుకున్నాక ఒక్కొక్కటే వరుస వీడి ఆమె మీదికి దూకడం మొదలుపెట్టాయి. ఆమె కంగారు పడలేదు. కొంచెం పక్కకు జరగడం, రెండు దెబ్బలు కొట్టడం, మళ్లీ మధ్యకు రావడం. ఇంట్లో పాలు పొంగితే చేయి చాచడానికి తడబడే మనిషి ఆమేనా అని నాకు అనుమానం కలిగింది.

దుకాణం యజమాని నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. ఒకప్పుడు నా విద్యార్థి. వాణ్ణి ఒక పావు సంవత్సరం తరగతి బయటే నిలబెట్టాను. తరువాత విశాఖపట్నంలో రేడియోలు బాగుచేసే పని నేర్చుకుని తిరిగి వచ్చాడు.

“మేస్టారండీ, మీరేటి ఇటొచ్చేరు!” అని గుసగుసలాడి, నేను బదులు చెప్పబోతుంటే వేలు పెదవులకు ఆనించాడు. “ఇప్పుడు మాటాడకండి. అమ్మగారు పదహారో స్టేజీలో ఉన్నారు.”

నా శిష్యుడు నన్ను నోరు మూసుకోమన్నాడు. నేను మూసుకున్నాను.

కొంతసేపటికి ఆమె చివరి విమానం పేలిపోయింది. ఎక్కువ దూరం వెళ్లినవారు తమ పేరుకు మూడు పొడి అక్షరాలు వేసుకోవచ్చునట. ఆమె హ్యాండిలు కదుపుతూ, తొందర లేకుండా, ఒక్కొక్క అక్షరాన్ని ఏరుకుంది. మొదటిది ఆమె పుట్టింటి ఇంటిపేరు అక్షరం. ముప్పై నాలుగేళ్లుగా ఏ కాగితం మీదా నేను చూడని అక్షరం. పట్టికలో అది మూడో స్థానంలో వెలిగింది.

ఆమె లేచి, వెనక్కి తిరిగి, నన్ను చూసింది. నేను అనుకున్నట్టు ఉలిక్కిపడలేదు.

“వచ్చేరా,” అంది. తరువాత గుమ్మం తెర సందులోంచి బయటికి తొంగిచూసి, “సెప్పులు వరసలో ఎట్టేరేటి?” అని అడిగింది.

ఆ ప్రశ్నలోని భయం నాకు అర్థం కాలేదు. ఆమె తరువాత స్టూలు మీదికి బస్టాండు వీధిలోని దర్జీ ఒకడు వచ్చి కూర్చున్నాడు. అయిదు నిమిషాలలో వాడి ఆట ముగిసింది. అంతసేపూ మేమిద్దరం పక్కపక్కనే వాడి ఆట చూస్తూ నిలబడ్డాం. పదిమంది ముందు భార్యను మందలించడం మర్యాద కాదు. నాలుగవ పేరా రాయకుండా వెళ్లడమూ కుదరదు.

దర్జీ లేచి పక్కకు తప్పుకున్నాడు. యజమాని చేతులు నలుపుకుంటూ, “మేస్టారండీ, మీ వంతు,” అన్నాడు.

“ఏమి వంతు?”

“ఈగలాటకి సెప్పులే క్యూ అండి. గుమ్మం కెదురుగా సెప్పులెట్టేరంటే ఆడతానని. ఆడనోళ్లు పక్కన ఇడుస్తారు. మిగతా రెండిటికీ క్యూ ఉండదు. దీనికే.”

“నాకు తెలియక విడిచాను. తరువాతివాణ్ణి పిలు.”

“కుదరదండి. వంతు ఒదిలేస్తే వారం రోజులు లోనకి రానియ్యం. ఆటో డ్రైవరొకడు మొన్న అలాగే ఒదిలేసి గొడవ సేసేడు. అయినా రానివ్వలేదు.” వాడు నవ్వు ఆపుకుంటున్నాడు. “రూలు రూలేనండి. మీరే సెప్పేవోరు కదా.”

వారం రోజులు లోపలికి రానివ్వకపోతే నాకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఆ సంగతి నాకు ఇంటికి వెళ్లాక తట్టింది. ఆ క్షణంలో మాత్రం, నియమాన్ని మీరినవాడిగా నా విద్యార్థి ముందు నిలబడటం అసాధ్యంగా తోచింది. ప్రధానోపాధ్యాయునిగా పనిచేసిన నేను, ఉత్తరీయం సవరించుకుని, ఆ స్టూలు మీద కూర్చున్నాను.

“ఎడం సేత్తో పట్టుకోండి,” అంది నా భార్య వెనుకనుంచి. “గట్టిగా ఒద్దండి. పట్టుకోనట్టు పట్టుకోవాలి. అదిగో, అదిగో, జరగండి! అయ్యో.”

మొదటి విమానం పోయింది. బారులు తీరిన ఆ ఈగలను చూస్తూ వాటి క్రమాన్ని మెచ్చుకుంటుండగా రెండోది పోయింది. మూడోది ఎలా పోయిందో నాకు తెలియదు. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. దర్జీ నా వైపు వంగి, “మొదటిసారికి బాగానే ఆడేరండి,” అన్నాడు. పరీక్ష తప్పిన పిల్లల తండ్రులతో నేను ఏ గొంతుతో మాట్లాడేవాణ్ణో, సరిగ్గా ఆ గొంతుతో.

ఇంటికి నడుస్తూ అడిగాను.

“ప్రార్థన కూడిక ఎన్ని గంటలకు ముగుస్తుంది?”

“పదకొండుకి.”

“పన్నెండున్నర అని నాకు చెప్పావు.”

“సెప్పేను. అబద్ధమే.”

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె నాతో అబద్ధమాడిందని నేను ఎరుగను. అంతకంటె, అది అబద్ధమని అంత నెమ్మదిగా ఒప్పుకునే మనిషిని నేను ఎరుగను.

భోజనమయ్యాక నాకు దారి కనబడింది. ఆ చేయి మీట మీద ఆడటం నేను కంటితో చూశాను. కనుక ఇది వ్యాయామం. అనకాపల్లి వైద్యునితో ఒక కాగితం రాయించుకుంటే, దుకాణాన్ని పిల్లలకు మూసివేసి, చికిత్స నిమిత్తం వచ్చేవారికి మాత్రం తెరవవచ్చు. ఈ ఏర్పాటును ఆమెకు వివరించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“సేతికని రాయకండి,” అంది.

“ఎందుకని?”

“సేతికోసం ఎల్లలేదు కాబట్టి. సెయ్యి బాగైతే మంచిదే. బాగవకపోయినా ఎల్తాను. నాకక్కడ బాగుంటాదండి.”

“ఏమి బాగుంటుంది? ఆ ఆటకు అంతే లేదు. వరుస చంపితే మరో వరుస వస్తుంది. చివరికి అందరూ ఓడిపోవలసిందే. గెలుపన్నదే లేని ఆట!”

“అదే కదండీ బాగుంటాది,” అంది. “ఎంత బాగా ఆడినా సచ్చిపోతాం. ఎవరూ ఏటీ అనుకోరు. మళ్లీ మొదట్నించి ఆడమంటాది, అంతే.”

“మూసివేస్తే?”

ఆమె చేతిలో కాయ జారింది. వంగి తీసుకుంది.

“మూసేస్తే ఏం సేస్తాను. ఇంట్లోనే ఉంటాను,” అంది.

ఆ మధ్యాహ్నమంతా నేను కుర్చీలో కూర్చుని ఆ యంత్రం గురించి ఆలోచించాను. మనసుకు ఇంతటి అవమానం కలిగించిన విషయం మరొకటి లేదు. యజమాని చెప్పినదాని ప్రకారం అది విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసినది, వచ్చేనాటికే పాతది. పక్కనున్న రెండింటిలో ఆటలను వాడు ఇప్పటికి మూడుసార్లు మార్చాడు. కారు పందేలు వచ్చాయి, కుస్తీలు వచ్చాయి, బొమ్మలు మనుషుల్లా నవ్వేవి కూడా వచ్చాయి. నెల తిరిగేసరికి జనానికి విసుగు. ఈగలాటను మారుస్తానంటే మాత్రం దర్జీ మొదలుకొని ఆటోవాళ్ల వరకు ఒప్పుకోలేదట. ఒక హ్యాండిలు, ఒక మీట. నేర్చుకోవడానికి ఏమీ లేదు. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో ఆడినవాడికే తెలుస్తుంది. యంత్రాన్ని నిందించడానికి చోటుండదు. దాడి చేసే శత్రువు కూడా ముందు వచ్చి వరుసలో నిలబడతాడు. నేను బడిలో ఏమి నెలకొల్పాలని పాటుపడ్డానో అదంతా అందులో ఉంది, ఒక్క ఉత్తీర్ణత తప్ప. అది లేనందువల్లనే మనుషులు అక్కడికి తిరిగి తిరిగి వెళుతున్నారంటే, నా ముప్పై ఏళ్ల ఉద్యోగం గురించి ఏమనుకోవాలి? ఈ ప్రశ్నను నేను ఇప్పటికీ పూర్తిగా ఎదుర్కోలేదు.

అర్జీ సంగతి తేల్చాలి. దుకాణం మూయించమని కోరిన అయిదవ పేరా కింద ఊరివాళ్ల సంతకాలు ఉన్నాయి. సంతకాలు పడ్డాక కోరికను మార్చడం మోసం. దానిలో అక్షరం కూడా కదపలేను. నా చేతిలో ఉన్నది నాలుగవ పేరా ఒక్కటే. అందులో చూసినది రాయాలి. చూసినదంతా రాయాలి. శుక్రవారం ఉదయం కూర్చుని రాశాను:

‘నాలుగు: ఈ అర్జీ రాసినవాడు దుకాణమును స్వయముగా చూచెను. లోపల అరుపులు గాని తోపులాట గాని లేవు. వరుస పాటించుచున్నారు. ఆ సమయమున బడి పిల్లలు ఎవరును లేరు. యంత్రము ముందు కూర్చుని ఆడుచుండినది అర్జీ రాసినవాని భార్య. పిదప అర్జీ రాసినవాడు కూడ ఆడి ఓడిపోయెను.’

దానికి వేరొక కాగితం జతచేసి, బడి సమయంలో విద్యార్థులను రానివ్వకుండా కట్టడి చేస్తే చాలునని నా సొంత అభిప్రాయంగా రాసి సంతకం చేశాను.

శనివారం పంచాయతీ కార్యాలయంలో ప్రెసిడెంటుగారు నన్నే చదవమన్నారు. మూడు పేరాల వరకు అందరూ తలలూపారు. నాలుగవదానికి వచ్చేసరికి తలలు ఊగడం ఆగింది. తరువాత వెనుక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎరువుల వ్యాపారి లేచి నిలబడ్డాడు.

“ఇదేటండి మేస్టారూ! మా తరఫున రాయమంటే ఆడి తరఫున రాసేరేటి?”

“నన్ను నమ్మి సంతకం చేశారు. కనుక చూసినది రాశాను.”

“ఊళ్లో కుర్ర గుంటల్ని అదుపులో ఎట్టమని మీకాడికొచ్చేం. మీ ఇంటోళ్లే అక్కడున్నారంటే ఇంకెవుడికి సెప్పుకుంటాం!”

బడిలో నా ఎదుట గొంతెత్తే సాహసం ఎవరూ చేయలేదు. ప్రెసిడెంటుగారు చేయి ఎత్తి అందరినీ ఆపి, నా వైపు వంగి, అధికారికంగా అడుగుతున్నట్టే అడిగారు:

“మేస్టారూ, అమ్మగారు ఎన్నో స్టేజీ దాకా ఎల్లేరు?”

“నేను వెళ్లేసరికి పదహారు.”

“మా బావమరిది రెండేళ్లుగా ఆడతన్నాడు, ఎనిమిది దాటలేదు,” అన్నారాయన. గదంతా ఘొల్లుమంది. వ్యాపారి కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. నవ్వినందుకు మరింత కోపగించుకుని కూర్చున్నాడు. నవ్వులు తగ్గాక తీర్మానం రాశారు. దుకాణం ఉంటుంది. బడి మొదటి గంట నుంచి చివరి గంట వరకు, మధ్యాహ్న విరామంతో సహా, విద్యార్థిని లోపలికి రానిస్తే తాళం పడుతుంది.

న్యాయం జరిగిందన్న తృప్తితో ఇంటికి వచ్చాను. నాకంటె ముందు కబురు వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

“నా సంగతి అందరి ముందూ సదివేసేరంట.”

“దుకాణం మూయడం లేదు. నువ్వు నిరభ్యంతరంగా—”

“నన్నడిగేరా?”

అడగలేదు. వ్యాపారి సంతకం పవిత్రమైనది, దాని పైనున్న అక్షరం మార్చకూడదు అని అంత ఆలోచించినవాణ్ణి, ఆమె సంగతి రాసేముందు ఆమెను అడగాలని నాకు తట్టనైనా లేదు. ఇది కూడా నాలుగవ పేరాలో చేర్చవలసిన విషయమే. చేర్చడానికి కాగితం నా చేతిలో లేదు.

నాలుగు రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మరుసటి బుధవారం ఉదయం నేను ఎప్పటిలా బల్ల మీద కాపీ పుస్తకం తెరిచి పెట్టాను. ఆమె వచ్చి దాన్ని మూసి, అలమరలో పెట్టి, చీర మార్చుకుని బయలుదేరింది. గేటు దగ్గర ఆగి, పక్కింటివాళ్లకు కూడా వినబడేలా చెప్పింది:

“పదకొండుకి కూడిక అయిపోద్ది. అక్కడ్నించి ఈగలాటకెల్తాను. వచ్చేసరికి ఒంటిగంటవుద్ది.”

“మరి భోజనం?” అన్నాను.

“వండేసేను. పెట్టుకు తినండి.”

పన్నెండున్నర వరకు పేపరు చదివాను. ఆ తరువాత వంటగదిలోకి వెళ్లాను. అన్నం గిన్నె మీద మూత, పక్కన పప్పు, చారు, అన్నీ కుదురుగా ఉన్నాయి. ఆ ఇంట్లో పళ్లెం ఎక్కడ పెడతారో నాకు తెలియదని అప్పుడు తెలిసింది.